నానో యూరియా – ప్రభుత్వ విధానం: కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల నేపథ్యంలో ఒక విమర్శనాత్మక పరిశీలన

ఉపోద్ఘాతం

వర్ధమాన దేశాలకు నానో సాంకేతికత ఏ రంగాల్లో ఎక్కువగా ఉపకరిస్తుందన్న ప్రశ్నకు టొరంటో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2005లో సమాధానం వెదికారు. 63 మంది నిపుణుల అభిప్రాయాలను క్రోడీకరించి వారు రూపొందించిన పది అంశాల జాబితాలో ఇంధనం మొదటి స్థానంలో, వ్యవసాయ ఉత్పాదకత రెండవ స్థానంలో నిలిచాయి. మన దేశం 2001లోనే నానో విజ్ఞాన కార్యక్రమాన్ని ఆరంభించి, 2007లో వెయ్యి కోట్ల రూపాయలతో నానో మిషన్‌ను చేపట్టింది. నిధులు, ప్రయోగశాలలు, ప్రచురణలు విధాన చర్చలో ముందుకు వచ్చాయి. ప్రయోగశాల దాటి వచ్చిన వస్తువు పొలంలో పనిచేస్తుందో లేదో రైతు పక్షాన తేల్చవలసింది ఎవరన్న ప్రశ్న మాత్రం వెనుకబడింది. నానో యూరియా ఉదంతం ఈ లోపాన్ని స్పష్టంగా చూపుతుంది.

నత్రజని లెక్క

ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కింద 2021లో గుర్తింపు పొందిన ఇఫ్కో నానో యూరియా అర లీటరు సీసా, 45 కిలోల యూరియా బస్తాకు సమానమని ప్రచారం జరిగింది. యూరియాలో నత్రజని 46 శాతం. కనుక బస్తాలో దాదాపు 20.7 కిలోలు ఉంటుంది. తొలి నానో యూరియాలో నత్రజని 4 శాతం. అంటే సీసాలో 20 గ్రాములు. వ్యత్యాసం సుమారు వెయ్యి రెట్లు. నేలలో వేసిన యూరియాలో అధిక భాగం వృథా అవుతుందని, ఆకులపై పిచికారీ చేస్తే నష్టం తక్కువని సమర్థకుల వాదన. ఆ మాట కొంత నిజమే. అయినా బస్తాలో మూడవ వంతే పంటకు చేరిందనుకున్నా అది ఏడు కిలోలకు దగ్గర. సీసాలోనిది పూర్తిగా చేరినా 20 గ్రాములే. 2024లో నత్రజనిని 16 శాతానికి పెంచిన తరువాత కూడా సీసాలో ఉండేది సుమారు 100 గ్రాములు. రైతులు ఎరిగిన రెండు శాతం యూరియా పిచికారీలో, 200 లీటర్ల నీటికి నాలుగు కిలోల యూరియా కలిపితే, 1.8 కిలోల నత్రజని అందుతుంది. నానో కణం వల్ల ఈ అంతరం ఎలా పూడుతుందో వివరించవలసిన బాధ్యత తయారీదారుదే.

పరస్పర విరుద్ధ ఫలితాలు

దాదాపు 11,000 రైతు క్షేత్రాల్లో 94 పంటలపై పరీక్షించగా సగటున 8 శాతం దిగుబడి పెరిగిందని ఇఫ్కో ప్రకటించింది. యూరియా మోతాదు తగ్గించి నానో యూరియా పిచికారీ చేసినప్పుడు వరిలో 13 శాతం, గోధుమలో 21.6 శాతం దిగుబడి తగ్గిందని పంజాబు వ్యవసాయ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తల రెండేళ్ల ప్రయోగం తెలిపింది. కోపెన్‌హేగెన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2023లో ఇఫ్కో వాదనల శాస్త్రీయ ఆధారాన్నే ప్రశ్నించారు. శాస్త్రంలో ఇటువంటి భేదాభిప్రాయం సహజం. అది తేలకముందే కోట్ల సీసాలు మార్కెట్‌కు చేరడం మాత్రం విధాన వైఫల్యం.

కామారెడ్డి, ఎల్లారెడ్డి పరిస్థితి

ఈ ప్రాంతంలో ప్రధాన పంటలైన వరి, మొక్కజొన్న రెండూ నత్రజనిని అధికంగా కోరేవే. పోచారం ప్రాజెక్టు కాలువ కింద, చెరువులు, బోరుబావుల కింద నాటు వేసిన రైతుకు పైపాటు ఎరువు అదనులో పడాలి. 2025 వానాకాలంలో తెలంగాణలో యూరియా కొరత ఏర్పడి, సహకార సంఘాల ముందు రైతులు బారులు తీరారు. బస్తా దొరకని చోట సీసా ప్రత్యామ్నాయంగా కాక అనివార్యంగా మారుతుంది. సాధారణ ఎరువులతో పాటు నానో ఎరువులను బలవంతంగా అంటగట్టడాన్ని ఆపాలని కేంద్ర వ్యవసాయ మంత్రి ఆ ఏడాది జులైలో ముఖ్యమంత్రులకు లేఖ రాయవలసి రావడమే ఇందుకు సాక్ష్యం. ఇఫ్కో స్వయంగా సహకార సంస్థ. రైతు తన సంఘం మీద ఉంచిన నమ్మకమే ఇక్కడ అమ్మకానికి ఆధారమవుతోంది. దిగుబడి తగ్గితే ఆ నష్టం ప్రయోగశాలకు గాని, కర్మాగారానికి గాని తగలదు. ఎకరం, రెండెకరాల రైతు దాన్ని ఒంటరిగా భరిస్తాడు.

ముగింపు

నానో వ్యవసాయ ఉత్పత్తుల మూల్యాంకనానికి కేంద్రం 2020లోనే మార్గదర్శకాలు వెలువరించింది. మార్గదర్శకం ఉండటం వేరు, స్థానిక పరీక్ష జరగటం వేరు. రుద్రూరులోని చెరకు, వరి పరిశోధన కేంద్రం వంటి సంస్థలు ఈ ప్రాంతానికి చేరువలోనే ఉన్నాయి. తయారీదారు ప్రమేయం లేకుండా ఇటువంటి కేంద్రాలలో కొన్ని పంటకాలాలు పరీక్షించి, ఫలితాలను తెలుగులో బహిరంగపరచడం అమ్మకానికి ముందస్తు షరతు కావాలి. యూరియా సరఫరాతో నానో ఉత్పత్తుల అమ్మకాన్ని ఏ రూపంలోనూ ముడిపెట్టరాదు. నష్టపరిహార బాధ్యతను ముందే నిర్ణయించాలి. ఇది నానో పరిశోధనను వ్యతిరేకించడం కాదు. మేలైన నానో ఎరువు రేపు నిజంగా వచ్చినప్పుడు దాన్ని కూడా రైతు నమ్మని స్థితి రాకుండా కాపాడేది ఈ జాగ్రత్తే.