విడుపులోని ఆనందం: గళ్ళ నుడికట్టు, సభ, పాఠకుడు

'చెవికి పని చెప్పే పర్వతం ఓ ఊరు (4)'. ఈ వ్యాసం కోసం కూర్చిన ఆధారమిది. 'విను', 'కొండ' విడివడగానే పల్నాటి పట్టణం నాలుగు గడుల్లో కుదురుకుంటుంది. సీతాపహరణ వార్తను రాముడు విన్న కొండ గనుక వినుకొండ అని చెప్పే స్థలపురాణం చేసిందీ ఇదే పని. పేరును విరిచి అందులోంచి కథను తీసింది. పదాన్ని విరిచే ఈ సరదా మనకు అచ్చుయంత్రంతో వచ్చినది కాదు.

1913లో న్యూయార్క్ పత్రికలో ఆర్థర్ విన్ ప్రకటించిన గడుల ఆటను తెలుగులో శ్రీశ్రీ పదబంధ ప్రహేళికగా, ఆరుద్ర గళ్ళ నుడికట్టుగా నడిపారు. ప్రహేళిక అనే పేరు అలంకారశాస్త్రానిది. దండి కావ్యాదర్శం తృతీయ పరిచ్ఛేదంలో పదహారు ప్రహేళికలను వివరించి, పూర్వాచార్యులు దుష్టప్రహేళికలను కూడా పద్నాలుగింటిని చెప్పారన్నాడు. సంధిలో పదం దాగితే సమాగత. ప్రసిద్ధార్థం మోసగిస్తే వంచిత. 'కవి తలవంచక లోపల దాచుకున్నది (3)' అన్న ఆధారం సమాగతకు దగ్గరి చుట్టం. వాక్యాన్ని అర్థం కోసం చదివినంతసేపూ సమాధానం కనిపించదు. అక్షరాల వరుసగా చూడగానే 'కవిత' బయటపడుతుంది. మోసపోయామన్న ఎరుక, మోసం న్యాయంగానే జరిగిందన్న ఒప్పుకోలు ఒకే క్షణంలో కలుగుతాయి. ఆనందం ఆ క్షణానిదే. పర్యాయపదం అడిగి ఊరుకునే ఆధారంలో అది లేదు. అది నిఘంటువుకు పెట్టిన పరీక్ష మాత్రమే.

తెలుగు గడిలో ఒదిగేది వర్ణం కాదు, గుణింతంతో, ఒత్తుతో, సున్నతో కూడిన పూర్తి అక్షరం. అందువల్ల అడ్డం, నిలువు కలిసేచోట కూర్పరికి ఇబ్బంది ఎక్కువ, పూరించేవారికి ఊతం ఎక్కువ. తల తిరగబడితే లత అయ్యే సౌలభ్యమూ ఇక్కడిదే.

అవధానంలో సమస్య, దత్తపది, నిషిద్ధాక్షరి పృచ్ఛకుడు వేసే చిక్కులు. విప్పేవాడు అవధాని ఒక్కడే, తక్కినవారు ప్రేక్షకులు. ఆ సభలోకి ఎవరు రావచ్చుననేది వేరే ప్రశ్న. 1895లో వినుకొండలో పుట్టిన గుర్రం జాషువా ఆ ఊరి అవధాన సభలోనే పద్యాలు చదివినప్పుడు, తక్కువ కులమువాణ్ణి సభలోకి ఎందుకు రానిచ్చారని కొందరు అవమానించిన ఘటన ఆయన జీవితకథలో ప్రసిద్ధం. పద్యం బాగోగులతో ఆ అభ్యంతరానికి పని లేదు. అచ్చయిన గడులు ఈ ఒక్క విషయంలో సభకన్నా మేలు: పెన్సిలు పట్టిన ప్రతివారూ అవధానులే, కులం అడగడానికి అక్కడ ఎవరూ ఉండరు.

అయితే సభ పూర్తిగా తొలగిందని అనలేము. అది పదకోశంలోకి జరిగింది. పద్మానికి పది సంస్కృత పర్యాయాలు తెలిసినవారికి గడులు సులువుగా నిండుతాయి. పత్తి, మిరప నేలల మాట వాటిలోకి అరుదుగా వస్తుంది. పండిత పరిచయం లేని పాఠకుడిని ఇది మళ్ళీ గుమ్మం బయటే నిలబెడుతుంది. మాండలిక పదంతో చమత్కారం కుదరదన్న సమర్థన నిలిచేది కాదు. 'సున్న చేరిన అబద్ధం మీద మిరపకాయలు ఎండుతాయి (2)'. కల్ల పక్కన సున్న పెడితే కల్లం. శ్లేషకు కావలసిన సరుకు అక్కడే ఆరబోసి ఉంది.