రెండో ట్యాబ్

ట్యాబ్ కొనడానికి సలహా అడిగేవాళ్లు తెర ఎంత, ర్యామ్ ఎంత, బ్యాటరీ ఎన్ని గంటలొస్తుంది అని అడుగుతారు. లోపల ఏ ఆపరేటింగ్ సిస్టమ్ నడవాలో మాత్రం ఎవరూ అడగరు. ఆండ్రాయిడ్, చేతిలో ఇంకాస్త డబ్బుంటే ఐప్యాడ్. అంతటితో లెక్క తేలిపోయిందనుకుంటారు. కానీ ఇంకొన్ని ఉన్నాయి. ఫిన్లాండ్‌లో నోకియా నుంచి బయటికొచ్చిన ఇంజినీర్లు తయారుచేసిన సెయిల్‌ఫిష్ ఉంది. ఉబుంటు టచ్ ఉంది. కంప్యూటర్లలో నడిచే లినక్స్‌నే వేలితో వాడుకునేలా మలిచిన డెస్క్‌టాప్‌లు ఉన్నాయి. చదువూ రాతా చాలావరకు ట్యాబ్ మీదే సాగించేవాణ్ని కాబట్టి, అందరూ వాడేదాన్నీ కొద్దిమందే వాడేదాన్నీ పక్కపక్కన పెట్టుకుని చాలాకాలంగా గమనిస్తున్నాను. ఈ వారం ఆ ఎంపిక గురించి రాస్తాను.

నా మాట ముందే చెప్పేస్తాను. ఇంట్లో ఇంకొకరు ఆధారపడే ట్యాబ్‌లో పదిమందీ వాడే సిస్టమే ఉండాలి. అక్కడ ప్రయోగాలు తగవు. మన ఒక్కరి పనికే పెట్టుకున్న రెండో ట్యాబ్ ఉంటే మాత్రం, అందులో చిన్న సిస్టమ్‌కు చోటివ్వాలి. ఇవ్వకపోతే ఏమవుతుందో చివర్లో చెబుతాను.

మొదటి సగం తేలిగ్గా తేలిపోయేదే. ఏటా నవంబరు వచ్చేసరికి పెన్షనర్లు లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. ఇప్పుడు బ్యాంకు మెట్లెక్కకుండా, ఇంట్లో కూర్చుని కెమెరాకు ముఖం చూపించి ఇచ్చే వీలుంది. దానికి జీవన్ ప్రమాణ్ యాప్, దానికి తోడుగా ఆధార్ ఫేస్ ఆర్‌డీ అనే మరో యాప్ ప్లే స్టోర్ నుంచి దించుకోవాలి. మోకాళ్ల నొప్పులతో ఉన్న పెద్దాయనకు ఇది చిన్న సౌకర్యం కాదు. ఆయన చేతిలో ఉబుంటు టచ్ ట్యాబ్ పెట్టి, ఇందులో మీ వివరాలెవరూ లాగరు నాన్నగారూ అని చెప్పి లాభం లేదు. లినక్స్ మీద ఆండ్రాయిడ్ యాప్‌లను నడిపించే వేడ్రాయిడ్ లాంటి ఏర్పాట్లు ఉన్నాయి. సెయిల్‌ఫిష్‌కూ సొంతంగా అలాంటిది ఒకటుంది. వార్తలు, వంటల యాప్‌లు వాటిలో చక్కగానే నడుస్తాయి. కానీ బ్యాంకు యాప్‌లు చాలావరకు, తెరుచుకునేముందు ఈ పరికరం గూగుల్ ఆమోదించినదేనా అని ప్లే ఇంటెగ్రిటీ అనే ఏర్పాటు ద్వారా వాకబు చేస్తాయి. కాదని తేలితే అక్కడే ఆగిపోతాయి. సినిమాలదీ అదే కథ. వైడ్‌వైన్ అనే తాళంలో పై స్థాయి అనుమతి లేని పరికరానికి ఓటీటీలు మసక బొమ్మే పంపుతాయి, తెర ఎంత మంచిదైనా సరే.

ఇంకో కారణం మన చుట్టూ ఉన్న మనుషులు. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లలకు పంచిన ట్యాబ్‌లు ఆండ్రాయిడ్‌వి. ఏదైనా ఆగిపోతే పక్క బెంచీ పిల్లో, మేనమామో, సెల్ రిపేరు కొట్టు కుర్రాడో సరిచేయగలరు. ఆ సాయం ఊరూరా దొరుకుతుంది. చిన్న సిస్టమ్‌కు దొరికే సాయం కూడా మంచిదే, ఓపిగ్గానే చెబుతారు. కాకపోతే అది ఇంగ్లీషులో, ఎక్కడో జర్మనీలోనో ఫిన్లాండ్‌లోనో ఉన్న మనిషి తీరిక చూసుకుని ఇచ్చేది.

మరి పెద్ద కంపెనీ వెనక ఉంటే చిన్న సిస్టమ్‌కు ఢోకా ఉండదు కదా అని అడిగేవాళ్లుంటారు. వాళ్లు 2011 సంవత్సరాన్ని చూడాలి. పామ్ అనే కంపెనీ 2009లో ప్రీ ఫోన్‌తో వెబ్ఓఎస్ అనే సిస్టమ్‌ను తెచ్చింది. మరుసటి ఏడాది హెచ్‌పీ ఆ కంపెనీని 120 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. 2011 జులై 1న టచ్‌ప్యాడ్ అనే ట్యాబ్‌ను అమెరికాలో 499 డాలర్ల ధరతో మార్కెట్లో పెట్టింది. ఆగస్టు 18న ఇక తయారుచేయబోమని ప్రకటించింది. ఏడు వారాలు! మిగిలిన సరుకును 99 డాలర్లకు తెగనమ్మితే జనం ఎగబడి కొన్నారు. అదే ఏడాది ఏప్రిల్లో వచ్చిన బ్లాక్‌బెర్రీ ప్లేబుక్ లోపల క్యూఎన్ఎక్స్ అనే గట్టి పునాది ఉంది. అయినా ఈమెయిల్‌కు పేరుపడ్డ కంపెనీ ట్యాబ్‌లో సొంత ఈమెయిల్ యాప్ రావడానికి 2012 ఫిబ్రవరి దాకా ఆగాల్సొచ్చింది. తర్వాత బ్లాక్‌బెర్రీ 10 ఇస్తామన్నారు, 2013లో ఇవ్వలేమన్నారు. మైక్రోసాఫ్ట్ అంతటిది విండోస్ ఆర్‌టీ ట్యాబ్‌ల మీద 90 కోట్ల డాలర్ల నష్టాన్ని లెక్కల్లో రాసుకుంది. కంపెనీ ఎంత పెద్దదైతే అంత తొందరగా చేతులు దులుపుకోగలదని ఈ మూడు కథలూ నాకు నేర్పాయి. దానికి వేరే వ్యాపారాలు చాలా ఉంటాయి.

అయితే వెబ్ఓఎస్ కథ అక్కడితో అయిపోలేదు. నాకు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే ఇష్టమైన భాగం అదే. తెరిచిన యాప్‌లన్నీ పేక ముక్కల్లా వరసగా కనిపించడం, అక్కర్లేని దాన్ని వేలితో పైకి తోసేస్తే మూసుకుపోవడం వెబ్ఓఎస్ 2009లోనే చూపించింది. దాని రూపకర్తల్లో ముఖ్యుడైన మటియాస్ డ్వార్టే 2010లో గూగుల్‌కు వెళ్లి, ట్యాబ్‌ల కోసమే చేసిన ఆండ్రాయిడ్ 3కు రూపం దిద్దాడు. 2017లో ఐఫోన్ టెన్ వచ్చినప్పుడు కింది నుంచి వేలితో జరిపితే యాప్‌లు కార్డుల్లా పరుచుకోవడం చూసి వెబ్ఓఎస్ అభిమానులు తమ పాత స్నేహితుణ్ని గుర్తుపట్టారు. ఈరోజు మనం ఏ ఫోన్లోనైనా అలవాటుగా చేసే ఆ కదలిక మొదట ఓడిపోయిన సిస్టమ్‌ది. ఇక అసలు వెబ్ఓఎస్‌ను 2013లో ఎల్‌జీ కొనుక్కుని టీవీల్లో పెట్టింది. మన హాల్లో ఎల్‌జీ స్మార్ట్ టీవీ ఉంటే, అందులో సీరియల్ ఆడిస్తున్నది ఆ టచ్‌ప్యాడ్ వారసుడే. టచ్‌ప్యాడ్ కొన్నవాళ్లు కూడా దాన్ని పారేయలేదు. సైనోజెన్‌మాడ్ అనే ప్రాజెక్టు వాళ్లు అందులోకి ఆండ్రాయిడ్‌ను ఎక్కించి దాని ఆయుష్షు పెంచారు. కంపెనీ వదిలేసిన వస్తువును వాడేవాళ్లు బతికించుకున్నారు.

ఇంకో కథ బాధ కలిగించేది. నోకియా మీగో అనే తన సిస్టమ్‌ను వదిలేశాక అందులో పనిచేసినవాళ్లు జొల్లా అనే కంపెనీ పెట్టి సెయిల్‌ఫిష్‌ను తెచ్చారు. 2014లో వాళ్ల ఫోన్ మన దేశంలోనూ స్నాప్‌డీల్‌లో అమ్మారు. 2016లో ఇంటెక్స్ కంపెనీ ఆక్వా ఫిష్ అనే సెయిల్‌ఫిష్ ఫోన్‌ను తక్కువ ధరకు ఇక్కడే విడుదల చేసింది. 2014 నవంబరులో ట్యాబ్ చేస్తామని జనం దగ్గర చందాలడిగితే, 3,80,000 డాలర్ల లక్ష్యాన్ని గంటల్లోనే దాటి, చివరికి 18 లక్షల డాలర్లకు పైగా పోగయ్యాయి. అంత ఆదరణ ఉండి కూడా కంపెనీ నిధుల కటకటలో పడింది, ట్యాబ్ చాలా కొద్దిమందికే చేరింది. 2016 జనవరిలో ఆ ప్రాజెక్టును ఆపేసి, మిగతావాళ్ల డబ్బు విడతలుగా తిరిగిస్తామని ప్రకటించారు. అందుకే ఇంకా తయారుకాని ట్యాబ్‌కు ముందస్తుగా డబ్బు కట్టొద్దని ఎవరడిగినా గట్టిగానే చెబుతాను. చిన్న సిస్టమ్ కావాలంటే, ఇప్పటికే చేతిలో ఉన్న పరికరంలో ఎక్కించుకునేదే కావాలి.

ఇక తెలుగు సంగతి. నావరకు ఏ సిస్టమ్‌కైనా ఇదే అసలు పరీక్ష. కొత్త ట్యాబ్ ఏది చేతికొచ్చినా మొదట రాష్ట్రం, స్వాతంత్ర్యం, లక్ష్మి, జ్ఞానం, సాఫ్ట్‌వేర్ అని టైపు చేస్తాను. ఒత్తులు సరిగ్గా కిందికి దిగుతున్నాయా, వెనక్కి చెరిపితే ఒక్క గుర్తు పోతుందా లేక అక్షరం మొత్తం పోతుందా, ఆ మాటను కాపీ చేసి వెతికితే దొరుకుతుందా చూస్తాను. పెద్ద సిస్టమైనా ఈ పరీక్షలో నెగ్గుతుందన్న హామీ లేదు. 2018 ఫిబ్రవరిలో జ్ఞా అనే మన అక్షరాన్ని, మధ్యలో కంటికి కనపడని ఒక కోడ్‌తో సహా పంపితే ఐఫోన్లు, ఐప్యాడ్‌లు, మ్యాక్‌లలో యాప్‌లు కుప్పకూలాయి. ఆపిల్ ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి దాన్ని సరిచేసింది. వార్త ప్రపంచమంతా పాకిన కొద్ది రోజుల్లోనే మరమ్మతు అందింది. ఆ వేగం పెద్ద సిస్టమ్ బలం, ఒప్పుకుని తీరాలి. కానీ ఆ తప్పు తెలుగు రాని అమెరికన్ల ఫోన్లను కూడా పడేసింది కాబట్టే అంత హడావుడి జరిగిందని నా నమ్మకం. ఒక ఒత్తు పక్కకు జరిగి వికారంగా కనిపించడం లాంటి, తెలుగువాడికి మాత్రమే కళ్లలో గుచ్చుకునే తప్పు అయితే ఎంతకాలం పడి ఉండేదో!

చిన్న సిస్టమ్‌లో ఆ తప్పును మనమే చూపించవచ్చు, చేతనైతే మనమే దిద్దవచ్చు. లినక్స్ ట్యాబ్‌లో తెలుగు అక్షరాలను కూర్చేది హార్ఫ్‌బజ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్. ఆండ్రాయిడ్, ఫైర్‌ఫాక్స్, లిబ్రేఆఫీస్ వాడేదీ అదే. అక్కడ ఒకరు దిద్దిన తప్పు కోట్ల ఫోన్లలోకి ప్రవహిస్తుంది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు పోతన, వేమన ఫాంట్లను ఉచితంగా ఇచ్చినా, స్వేచ్ఛ సంస్థ తెలుగులో లినక్స్‌ను తెచ్చినా, అవి మనకు దక్కింది ఈ తెరిచి ఉన్న తలుపు లోంచే.

నా రెండో ట్యాబ్ కొన్నేళ్ల కిందట విండోస్‌తో వచ్చినది. ఇప్పుడు అందులో గ్నోమ్ డెస్క్‌టాప్‌తో లినక్స్ నడుస్తోంది. లోట్లున్నాయి. కెమెరా పనిచేయదు. మూసి పెట్టినా ఛార్జింగ్ తగ్గిపోతుంది. అయినా రాత అంతా దాని మీదే. కారణం కీబోర్డు. లినక్స్‌లో ఎమ్17ఎన్ అనే ఏర్పాటుతో ఇన్‌స్క్రిప్ట్ ఒక్కటే కాదు, ఆర్‌టీఎస్, పోతన, ఆపిల్ లేఅవుట్‌లు కూడా వస్తాయి. పత్రికాఫీసుల్లోనూ డీటీపీ సెంటర్లలోనూ ఆపిల్ లేఅవుట్ మీద వేళ్లు అరగదీసినవాళ్లు మన రెండు రాష్ట్రాల్లో ఎంతమందో ఉన్నారు. ట్యాబ్‌లతో మామూలుగా వచ్చే కీబోర్డుల్లో చాలామంది ఇంగ్లీషు అక్షరాల్లో కొడతారు, లేదా మాట్లాడతారు. ఉత్తరం ముక్క రాయడానికి అవి బాగానే ఉంటాయి. రోజుకు వెయ్యి మాటలు రాసేవాడికి వేళ్లు తమంతట తాము కదలాలి. ఒక బ్లూటూత్ కీబోర్డు తగిలించి పాత అలవాటుతో చకచకా కొట్టుకుపోగలగడం నాకు ఏ కెమెరా కంటే విలువైనది. పైగా రాస్తుంటే మధ్యలో నోటిఫికేషన్లు రావు, ప్రకటనలు రావు, ఖాతా తెరవమని అడగదు.

అప్‌డేట్ల లెక్క ఒకటుంది. పెద్ద సిస్టమ్‌లు ఈ విషయంలో మెరుగుపడ్డాయి. 2014 నాటి ఐప్యాడ్ ఎయిర్ 2కు 2021లో ఐప్యాడ్ఓఎస్ 15 కూడా అందింది. శామ్‌సంగ్ ట్యాబ్ ఎస్10కు ఏడేళ్ల మాట ఇచ్చింది. కానీ ఇవి ఖరీదైనవి. మన ఇళ్లలో ఎక్కువగా కనిపించే చవక ఆండ్రాయిడ్ ట్యాబ్‌లకు ఒకటి రెండు అప్‌డేట్లు వస్తే గొప్ప. ఆ తర్వాత తెర బాగుంటుంది, బ్యాటరీ నిలబడుతుంది, లోపలి సిస్టమ్ మాత్రం పాతబడిపోయి ఒక్కో యాపూ ఇక్కడ పనిచేయనంటూ తప్పుకుంటుంది. సరిగ్గా అక్కడ చిన్న సిస్టమ్‌లు అక్కరకొస్తాయి. లినేజ్ఓఎస్ పాత పరికరాలకు కొత్త ఆండ్రాయిడ్ ఇస్తుంది. ఉబుంటు టచ్‌ను కనానికల్ కంపెనీ 2017లో వదిలేస్తే, యూబీపోర్ట్స్ అనే స్వచ్ఛంద బృందం అందుకుని నడిపిస్తోంది. లెనోవో ట్యాబ్ ఎమ్10 రెండో తరం లాంటి మామూలు ట్యాబ్‌లు వాళ్ల జాబితాలో ఉన్నాయి.

ఈ చిన్నవన్నీ పోతే మిగిలేది రెండే కంపెనీలు. ఏ కీబోర్డు ఉండాలో, ఏ పాత ట్యాబ్ ఎప్పుడు చచ్చిపోవాలో ఆ రెండే నిర్ణయిస్తాయి. వాటికి నేర్పడానికి మరో వెబ్ఓఎస్ కూడా ఉండదు.

కాబట్టి మీ ఇంట్లో అప్‌డేట్లు ఆగిపోయిన ట్యాబ్ బీరువాలో పడి ఉంటే, పాత సామాన్లవాడికి వేసేముందు దాని వెనక ఉన్న మోడల్ నంబరు చూసి, లినేజ్ఓఎస్, ఉబుంటు టచ్ జాబితాల్లో ఉందేమో వెతకండి. ఉంటే ముందు అందులోని ఫొటోలు వేరేచోట భద్రపరచండి, కొత్త సిస్టమ్ ఎక్కించడానికి బూట్‌లోడర్ తాళం తెరిచినప్పుడు లోపలున్నదంతా చెరిగిపోతుంది. కొత్త సిస్టమ్ ఎక్కాక నాలుగు తెలుగు వాక్యాలు టైపు చేయండి. ఎక్కడైనా ఒత్తు తప్పితే, తెలుగు కీబోర్డు లేకపోతే, ఒక స్క్రీన్‌షాట్ తీసి ఆ ప్రాజెక్టు వాళ్లకు రాయండి. మనం చెప్పకపోతే వాళ్లకు ఆ తప్పు కనిపించే అవకాశమే లేదు.