బెల్లం మింగని మాత్ర

మాత్రల షీటు ‘టక్’మన్న చప్పుడు మా వంటింట్లోంచి మేడ మీది నీళ్ళ ట్యాంకు దాకా వినిపిస్తుంది. నాకు కాదు, బెల్లానికి.

బెల్లం మా పిల్లి. రంగు చూసి పెట్టిన పేరది. గుణం చూసి పెట్టాల్సి వస్తే ఇంకేదో అయ్యుండేది. కిందటి కార్తీకమాసంలో దానికి రొంప పట్టింది. ముక్కు కారింది. ఎడమ కన్ను పుసులు కట్టి మూసుకుపోయింది. తిండి గిన్నె దాకా వచ్చి, వాసన తెలియక వెనక్కి వెళ్ళిపోయేది. కాకినాడలో మేం చూపించే పశువుల డాక్టరు గారు కన్ను విప్పి చూసి డాక్సీసైక్లిన్ రాశారు. 100 మిల్లీగ్రాముల మాత్రలో సగం, రోజుకోసారి, 21 రోజులు. కన్ను తేటపడింది కదా అని మధ్యలో మానకూడదన్నారు.

ఇరవై ఒక్క అరమాత్రలు. ఈ ఇంటికి కోడలిగా వచ్చినప్పటి నుంచి అత్తగారి బీపీ మాత్రలూ మామగారి షుగరు మాత్రలూ పిల్లల నులిపురుగుల మాత్రలూ వేళ తప్పకుండా వేసినదాన్ని. నాకిదో లెక్కా అనుకున్నాను.

పైగా మొదటి మాత్ర డాక్టరు గారే వేసి చూపించారు. ఎడమ చెయ్యి దాని తల మీద పెట్టారు, ముక్కు పైకెత్తారు, నోరు తెరుచుకుంది, మూసుకుంది. అంతే. నేను కళ్ళజోడు సర్దుకునేలోపు అయిపోయింది. బెల్లం కూడా తనకేం జరిగిందో తెలియనట్టే బల్ల మీద కూర్చుని అటూ ఇటూ చూసింది. ఆ మూడు సెకన్ల పని నేర్చుకోవడానికి నాకు పది రోజులు పట్టింది.

మర్నాడు ఇంట్లో మా ఆయన పట్టుకున్నారు, నేను మాత్ర పట్టుకున్నాను. బెల్లం ఎవరికీ పట్టుబడలేదు. మొదటిసారి మాత్ర నాలుక చివర పడింది, ఉమ్మేసింది. రెండోసారి నా వేళ్ళకే అంటుకుంది. మూడోసారికి తడిసి తడిసి మాత్ర సగం కరిగి పసుపు ముద్దయింది. నాలుగోసారి బాగా పడింది. మూతి మూసి పట్టుకుని, గొంతు నిమిరి, “మా తల్లే, మా బంగారమే” అని వదిలిపెట్టాను. అది నెమ్మదిగా వీధి గదిలోకి నడిచి వెళ్ళి, నా చెప్పులో మాత్ర పెట్టి, మళ్ళీ నెమ్మదిగానే వచ్చేసింది. అంతసేపూ బుగ్గన దాచుకుందన్నమాట. మా ఆయన మోచేతికి మూడు గీతలు పడ్డాయి. ఆయన డెటాల్ రాసుకుంటూ, “పిల్లి మెడలో గంట కట్టడం గురించి ఎలుకలు అంతసేపు మీటింగు ఎందుకు పెట్టుకున్నాయో ఇప్పుడు తెలిసింది” అన్నారు.

పక్కింటి పిన్నిగారు ఈ గోల విని ప్రహరీ మీంచి సలహా ఇచ్చారు. ఒళ్ళు వెచ్చగా ఉంటే పసిపిల్లలకేసే పారాసెటమాల్ సిరప్పే నాలుగు చుక్కలు పొయ్యమని. ఆవిడ మంచి మనసుతోనే అన్నారు గానీ, ఇదొక్కటీ పిల్లులున్న ప్రతి ఇంటివాళ్ళూ గుర్తుపెట్టుకోవాలి. పారాసెటమాల్‌ను విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి పెద్దగా లేదు. ఆ విషం దాని రక్తానికి ఆక్సిజన్ మోసే గుణాన్ని పాడుచేస్తుంది. మనం తలనొప్పికి వేసుకునే ఒక్క మాత్ర చాలు దాన్ని చంపడానికి.

మా అమ్మమ్మ గుర్తొచ్చింది. మందు పట్టడంలో అమ్మమ్మను మించినవాళ్ళను నేను చూడలేదు. కాళ్ళు బారచాపుకుని కూర్చుని, పిల్లను కాళ్ళ మీద వెల్లకిలా పడుకోబెట్టుకుని, రెండు మోకాళ్ళతో తల కదలకుండా పట్టి, ఎడం చేత్తో ముక్కు మూసేది. పిల్ల గుక్కపట్టి నోరు తెరిచేది. వెండి ఉగ్గుగిన్నె ముక్కులోంచి ఆముదం సన్నటి ధారగా లోపలికి. ఆ వెంటనే నాలుక మీద పటికబెల్లం పలుకు. ఏడుపు ఎక్కడ మొదలైందో అక్కడే ఆగిపోయేది. నేనూ, మా అన్నయ్యా, పిన్ని పిల్లలూ, అందరం ఆ కాళ్ళ మీంచి లేచినవాళ్ళమే.

ఆ పద్ధతే ప్రయత్నిద్దామా అని డాక్టరు గారికి ఫోన్ చేసి అడిగాను. ఆయన కంగారుపడ్డారు. “వద్దు మేడమ్! తల వెనక్కి వంచి పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పసిపిల్లలకైనా అలా పట్టొద్దనే పిల్లల డాక్టర్లు చెప్తున్నారు” అన్నారు. ద్రవం పట్టాలంటే తల మామూలుగా ఉంచి, కోరపన్ను వెనక బుగ్గ సందులోంచి కొద్దికొద్దిగా, అది గుటక వేసినప్పుడల్లా ఆగుతూ పొయ్యాలట. అమ్మమ్మ పద్ధతిలో మేమందరం బతికి బయటపడ్డామంటే అది మా అదృష్టమేనేమో.

ఇక మిగిలింది పటికబెల్లం. అదీ పనికిరాదు. పిల్లికి తీపి తెలియదు. తీపిని పసిగట్టే గ్రాహకం తయారుకావడానికి రెండు జన్యువులు కావాలి. పిల్లి జాతిలో అందులో ఒకటి చెడిపోయి ఉందని ఫిలడెల్ఫియాలోని మోనెల్ కేంద్రం శాస్త్రవేత్తలు 2005లో తేల్చారు. పెద్దపులిదీ చిరుతదీ అదే కథ. చేదు మాత్రం పిల్లికి బాగానే తెలుస్తుంది. ఉగాది పచ్చడిలో దానికి వేపపువ్వే మిగులుతుందన్నమాట, బెల్లం లేదు. ఈ సంగతి తెలిశాక మా పిల్లిని పేరు పెట్టి పిలవడానికి రెండు రోజులు మొహమాటపడ్డాను.

నాలుగో రోజున నేను చేసిన పని చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

అప్పట్లో బెల్లానికి నెత్తళ్ళంటే ప్రాణం. మా వీధిలోకి చేపల గంప నెత్తిన పెట్టుకుని ఒకావిడ వస్తుంది. ఆవిడ మలుపు తిరగకముందే ఇది గేటు మీద ఉండేది. కార్తీకమాసం కాబట్టి ఇంట్లో నీచు లేదు. రోగిష్టిది కదా, దానికి మాత్రం మినహాయింపు అనుకుని, పెరట్లో విడిగా స్టవ్ పెట్టి గుప్పెడు నెత్తళ్ళు ఉడకబెట్టాను. మాత్రను రెండు చెంచాల మధ్య పెట్టి నలిపి, ఆ పొడి చేపల్లో కలిపాను. ముక్కు మూసుకుపోయి ఉంది, దీనికేం తెలుస్తుందిలే అనుకున్నాను. అది ఆశగా వచ్చింది. ఒక ముద్ద తింది. ఆగింది. మూతి తిప్పింది. ఆ తర్వాత నోటి వెంట సబ్బు నురగలాంటి చొంగ, తీగలు తీగలుగా. పిచ్చెత్తినట్టు తల విదిలిస్తూ పెరడంతా తిరిగింది. నేను భయపడి మళ్ళీ ఫోన్ చేశాను. చేదు తగిలితే పిల్లులకు అలాగే నురగ వస్తుంది, కాసేపట్లో తగ్గిపోతుంది అన్నారాయన. తగ్గింది. నెత్తళ్ళు మాత్రం ఆ రోజుతో సరి. ఇప్పటికీ ఆ గంప వీధిలోకి వస్తే బెల్లం మంచం కిందికి పోతుంది. పాపం ఆ చేపలావిడ, “నానేటి సేసినానమ్మా దీనికి?” అని అడుగుతూనే ఉంటుంది.

తెనాలి రామకృష్ణుడి పిల్లి కథ మనమందరం విన్నదే. రాయలవారిచ్చిన పిల్లికి మొదటిరోజే సలసల కాగే పాలు పెట్టాడు. మూతి కాలిన పిల్లి ఆ తర్వాత పాలగిన్నె చూస్తేనే పారిపోయింది. పాలన్నీ ఆయనే తాగాడు, రాజుగారు నవ్వారు, మనమూ నవ్వాం. ఒక్కసారి చెడ్డ అనుభవం ముడిపడితే ఆ తిండి చాలా రోజులు దూరమవుతుందని జాన్ గార్సియా అనే అమెరికన్ శాస్త్రవేత్త 1955లో ఎలుకల మీద చూపించాడు. మన కథకుడు అంతకు చాలా ముందే పిల్లి మీద చూపించాడు. చిన్నప్పుడు ఆ కథ విన్నప్పుడల్లా రామకృష్ణుడి తెలివికి మురిసిపోయేదాన్ని. నెత్తళ్ళ గిన్నె కడుగుతూ మాత్రం ఆ పిల్లి తరఫునే ఆలోచించాను. దానికి ఆ ఇంట్లో పాలు తప్ప ఇంకేముంది? నమ్మకంగా వచ్చి మూతి పెట్టిన గిన్నె అది. మాత్ర వేసిన చెయ్యి మీద కోపం వస్తే ఒక పూటలో పోతుంది. గిన్నె మీద అనుమానం వస్తే అది ఇక దేని దగ్గరికి వస్తుంది? అందులోనూ జబ్బుపడ్డ పిల్లి రెండు మూడు రోజులు తిండి మానేస్తే కాలేయానికి కొవ్వు పట్టి ప్రాణం మీదికి రావచ్చు. అంటే నేను మందు పేరుతో దాని తిండికే ఎసరు పెట్టాను. పైగా ఈ మందును పాలల్లోనో పెరుగులోనో కలిపినా పనికిరాదు. వాటిలోని కాల్షియం మందును కొంత పట్టేసుకుంటుంది.

మోసం మానేద్దామని ఆ సాయంత్రమే అనుకున్నాను. మాత్ర మాత్రే, తిండి తిండే.

డాక్టరు గారి దగ్గరికి మళ్ళీ వెళ్ళి, చూపించమని కాదు, నేను వేస్తుంటే చూడమని అడిగాను. చూసి ఆయనన్న మాట ఇది. “మీరు దాన్ని బతిమాలుతున్నారు మేడమ్. ముందు బతిమాలండి, తర్వాత బతిమాలండి. ఆ మూడు సెకన్లూ మాత్రం బతిమాలకండి.” నిజమే. నా చెయ్యి వెళ్ళేది, ఆగేది, అయ్యో అనుకునేది, మళ్ళీ వెళ్ళేది. ఆ ఆగడంలోనే అది నన్ను చదివేసేది.

అప్పటి నుంచి మా ఇంట్లో ఏర్పాటు ఇలా మారింది. మాత్రను పొద్దున్నే, మిక్సీ తిరుగుతున్నప్పుడు షీటులోంచి తీసి, విరిచి పెట్టుకునేదాన్ని, టక్కు వినపడకుండా. వేళకి దానికి నెయ్యి రాసేదాన్ని. నెయ్యి రాస్తే వేళ్ళకంటుకోదు, చేదు నాలుకకు తగిలేలోపు జారిపోతుంది. పక్కనే సూది తీసేసిన సిరంజిలో 5 మిల్లీలీటర్ల నీళ్ళు. బెల్లం గిన్నెకూ దాని పక్కకూ దూరంగా, కిటికీ దగ్గర కింద బాసింపట్టు వేసుక్కూర్చుని, దాన్ని పాత తువ్వాల్లో మెడ దాకా చుట్టించి ఒళ్ళో పెట్టుకునేదాన్ని. చుట్టడంలో మా ఆయన ఆత్రేయపురం వాళ్ళను మించిపోయారు. పూతరేకు మడతలాగే, మరీ బిగించకుండా, అలాగని విడిపోకుండా. పిల్లి పారిపోయేది ముందుకి కాదు, వెనక్కి. అందుకని దాని వీపు నా పొట్టకు ఆనుకుని ఉండాలి.

తర్వాత ఎడమ చెయ్యి నడినెత్తి మీంచి. బొటనవేలూ చూపుడువేలూ మూతికి రెండు పక్కలా, కోరపళ్ళ వెనక. ముక్కు పైకప్పు చూసేదాకా తల ఎత్తితే కింది దవడ దానంతటదే వదులవుతుంది. ఈ ముక్క తెలియకే మొదట్లో నేను బలం ఉపయోగించాను. కుడి చేతి నడిమివేలితో కింది ముందు పళ్ళ మీద చిన్న ఒత్తు. నాలుక వెనక భాగంలో చిన్న మిట్టలా ఉంటుంది. మాత్ర దాని అవతల, సరిగ్గా మధ్యలో పడాలి. పక్కకు పడితే బుగ్గలోకి పోతుంది, ఇక అది చెప్పులోకే. మూతి మూసి, తల మామూలుగా దించి, గొంతు నిమరాలి. నాలుక బయటికొచ్చి ముక్కు నాక్కుందంటే మింగిందని గుర్తు.

అక్కడితో వదిలేయకూడదు. పిల్లి ఆహారనాళంలో పొడి మాత్ర దారిలోనే ఆగిపోవచ్చు. డాక్సీసైక్లిన్ అలా ఇరుక్కుని అక్కడే కరిగితే పుండు పడుతుంది. ఆ పుండు మానేటప్పుడు నాళం కుంచించుకుపోయి, తర్వాత తిన్నదల్లా కక్కుకునే స్థితి వస్తుంది. అందుకే వెంటనే బుగ్గ సందులోంచి ఆ నీళ్ళు. ఆ తర్వాత ఉడికించిన చికెన్ పీచు ఒకటి, రెండు. తీపి లేని పటికబెల్లం అనుకోండి.

ఇంకొకటి నేను సొంతంగా కనిపెట్టాననుకున్నాను. ఈ పనిలో ఉన్నవాళ్ళందరికీ తెలిసిందేనట. రోజుకు రెండుసార్లు ఉత్తుత్తి మాత్ర వేసేదాన్ని. అదే చోటు, అదే తువ్వాలు, అదే చెయ్యి, నోరు తెరిచినట్టే తెరిచి చికెన్ పీచు పెట్టి వదిలెయ్యడం. మూడుసార్లకు ఒక్కసారే చేదయితే ఏ పిల్లయినా కాస్త ఓపిక పడుతుంది. పదకొండో రోజుకి మా ఆయన అవసరం తప్పింది. పదిహేనో రోజుకి తువ్వాలు అవసరం తప్పింది. ఇరవై ఒకటో రోజున నేను చేసిన పని డాక్టరు గారు చేసిన దానికి ఏమాత్రం తీసిపోలేదు. బెల్లం ముక్కు నాక్కుని, నీళ్ళు తాగి, చికెన్ తిని, కిటికీలోకెక్కి తోక చుట్టుకుని కూర్చుంది. కన్ను తేటగా ఉంది. ఇక నేను పక్కింటి పిన్నిగారికి పాఠాలు మొదలుపెట్టాను. ఆవిడకు పిల్లి లేదు, అయినా విన్నారు.

భోగికి ముందు ఇల్లు దులుపుతూ వీధి గదిలో పందిరిమంచం జరిపించాను. అది జరిపి ఎన్నేళ్ళయిందో. గోడవైపు కోడు వెనక, బూజులో, సగం మాత్రలు నాలుగు. ఉమ్మిందని నేను చూసినవాటికి బదులు అప్పుడప్పుడే వేరేవి వేశాను, అవి లెక్కలోనే ఉన్నాయి. ఇవి మింగిందని నేను క్యాలెండర్‌లో టిక్కు పెట్టుకున్నవి. మా ఆయన చీపురు ఆపి, “అంటే పదిహేడే” అన్నారు.

బెల్లం వచ్చి వాటిని ఒక్కొక్కటీ వాసన చూసింది. మూడు మొదటి రోజులవే అయ్యుంటాయి, తడిసి ఎండి పసుపు ముద్దలైపోయి ఉన్నాయి. నాలుగోది మాత్రం చెక్కుచెదరలేదు. దానికి చీమలు పట్టి ఉన్నాయి, నెయ్యికి.