మట్టిలో వేలు పెట్టి

కొండాపూర్‌లో మా అపార్ట్‌మెంటు తోట నేల మీద లేదు. పార్కింగ్ పైకప్పు మీద పరిచిన మట్టి అది. 1998లో సైబర్ టవర్స్ వచ్చేనాటికి ఈ చుట్టుపక్కలంతా రాళ్ల గుట్టలే. మా తోటకు మట్టి లారీల్లో వచ్చింది.

పాలమూరు నుంచి వచ్చిన ఓ పెద్దాయన, మా మాలి, రోజూ పొద్దున ఒక కుర్రాడికి పని నేర్పుతుంటాడు. పిల్లాడు పైపు అందుకోబోతే ఆపుతాడు. "ఆగు బిడ్డా, ముందుగాల వేలు పెట్టి చూడు." రెండో కణుపు దాకా వేలు దిగాలి. లోపల తడి తగిలితే, పైన ఎంత ఎండినా ఆ పూట నీళ్లు లేవు. ఇది నాకు తెలియక రెండేళ్ల కిందట దేవగన్నేరు వాడిపోతే రోజూ నీళ్లు పోశాను. వేరు కుళ్లిపోయింది. దాహానికే కాదు, వేరుకు ఊపిరాడకపోయినా ఆకు వాలుతుందని అప్పుడు తెలిసింది.

పది పాసైన ఆ కుర్రాడికి చదువు దారులూ ఉన్నాయి. ఐటీఐలో పూలసాగు, ల్యాండ్‌స్కేపింగ్ కోర్సు ఏడాది. హార్టికల్చర్ డిప్లొమా రెండేళ్లు. ఇంటర్ తర్వాత రాజేంద్రనగర్ కాలేజీలో నాలుగేళ్ల బీఎస్సీ. సిద్దిపేట జిల్లా ములుగులోని ఉద్యాన విశ్వవిద్యాలయం కిందిదే అది. బీఎస్సీ పిల్లలు చివరి ఏడాదిలో ఊళ్లకు వెళ్లి రైతుల దగ్గర పని నేర్చుకుంటారు. చాలా మంచి ఏర్పాటు. కానీ సైబరాబాద్ తోటల్లో కొలువు చేయబోయేవాళ్లు ఇలాంటి కప్పు మీది తోటలో కూడా ఒక ఎండాకాలం, ఒక వానాకాలం గడపాలని నా పట్టుదల. అనుభవం లేకుండా నాటితే ఏమవుతుందో చూశాం. త్వరగా ఎదిగి పచ్చగా కనిపిస్తుందని కోనోకార్పస్ మొక్కల్ని రోడ్ల వెంట నాటి, పుప్పొడి మీద, వేర్ల మీద ఫిర్యాదులొచ్చాక వద్దనుకున్నాం. మొక్కను కొన్నేళ్లు కనిపెట్టుకుని ఉన్న మనిషిని ముందే అడగాల్సింది.

1961 నాటి అప్రెంటిస్ చట్టం నేర్చుకునేవాడికి స్టైపెండు ఇమ్మంటుంది. మా మాలికి నేర్పినందుకు ఎవరూ రూపాయి ఇవ్వరు. చేతిలో ఉన్న పనికి పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి ఇప్పుడుంది. ఆయనకు అదొక్కటే చాలదు. గురువుగా గుర్తింపు, నేర్పే గంటలకు వేరే కూలి కావాలి. మా అపార్ట్‌మెంటు సంఘం సమావేశంలో ఈ మాట పెట్టాను, మళ్లీ పెడతాను.

పోయిన వారం పెద్దాయన ఊరెళ్లాడు. రాత్రంతా వాన. పొద్దున చూస్తే కుర్రాడు మొక్కల వైపు పోలేదు. గోడ వార మోకాళ్ల మీద కూర్చుని, నీళ్లు బయటికిపోయే తూములో అడ్డం పడ్డ ఆకుల్ని వేళ్లతో లాగుతున్నాడు.