గీకడానికి ముందు

సెకండ్‌హ్యాండ్‌లో కొన్న పాత టేకు బల్ల ఇంటికి చేరగానే చాలామంది మొదట చేయించే పని దాన్ని గీకించడం. సాండింగ్ మిషను తిరుగుతుంది, నల్లబడ్డ పైపొర దుమ్మై లేస్తుంది, అడుగున లేత గోధుమరంగు చెక్క బయటపడుతుంది. ఆపైన పాలియురెథేన్ పూత పడుతుంది. ఆరేసరికి బల్ల షోరూములోంచి నిన్ననే దిగినట్టు ఉంటుంది. అలా కనిపించాలనుకుంటే షోరూముకే వెళ్లొచ్చు కదా అని అడగబుద్ధేస్తుంది గానీ, అది అభిరుచికి సంబంధించిన ప్రశ్న, పక్కన పెడదాం. ఇక్కడ తేల్చుకోవాల్సింది పనితనం సంగతి. పాత వడ్రంగులూ పాలిష్ పనివాళ్లూ వాడిన పద్ధతుల్లో చాలావాటికి ఒకే గుణం ఉంది: చేసిన పనిని మళ్లీ విప్పుకోవచ్చు. జిగురు వేడికీ తడికీ వదులుతుంది, లక్క పూత స్పిరిట్‌కి కరుగుతుంది, కుసి బెజ్జంలోంచి బయటికొస్తుంది. ఆ బల్ల ఎనభై తొంభై ఏళ్లు నిలిచిందంటే చెక్క గట్టితనం ఎంత కారణమో, విరిగినప్పుడల్లా దాన్ని విప్పి సరిచేయగలగడమూ అంతే కారణం. బాగుచేసే పేరుతో మనం ముందుగా పోగొడుతున్నది ఆ వీలునే.

ముందు చెక్క సంగతి. పాత సామాను అమ్మేవాళ్ల దగ్గర ప్రతి టేకు బల్లా బర్మా టేకే. అందులో బేరం మాట కొంత ఉంది. గోదావరిలో తెప్పలు కట్టి రాజమండ్రికి దింపిన టేకూ, బల్లార్షా వైపు నుంచి వచ్చిన సీపీ (సెంట్రల్ ప్రావిన్సెస్) టేకూ మన ఇళ్లలో తక్కువేం లేవు. చెక్కను చూసి అడవి పేరు చెప్పడం అనుభవం ఉన్నవాళ్లకే కష్టం. అయినా కోస్తా ఊళ్లలో బర్మా టేకు మాట ఊరికే పుట్టలేదు. 1852 యుద్ధంతో దిగువ బర్మా, 1885 యుద్ధంతో మిగతా దేశం బ్రిటిషువాళ్ల చేతికి వచ్చాయి. ఈ రెండోదానికి దొరికిన సాకు టేకు తగాదాయే: బాంబే బర్మా ట్రేడింగ్ కార్పొరేషన్ దుంగల లెక్క దాచిందని మాండలే ప్రభుత్వం జరిమానా వేసింది. 1937 దాకా బర్మా బ్రిటిషు ఇండియాలో భాగం. కోరంగి, కాకినాడ, విశాఖపట్నం రేవుల నుంచి రంగూన్‌కి పనికి వెళ్లిన తెలుగువాళ్లను అక్కడ కోరంగీలనే పిలిచేవారు. ఆ టేకు కోసిన తీరూ వేరు. చెట్టు మొదట్లో చుట్టూ గాడి కొట్టి, నిలువునా రెండు మూడేళ్లు ఎండనిచ్చి, తర్వాతే పడగొట్టేవారు. పచ్చి టేకు నీళ్లలో మునుగుతుంది, ఎండిందే ఇరావతిలో తేలుతుంది. సహజంగా పెరిగిన అడవిలో అలాంటి చెట్టు వయసు తరచు వందేళ్లు దాటేది. ఇవాళ తోటల్లో పెంచే టేకును చాలాచోట్ల ఇరవై ముప్ఫై ఏళ్లకే కొట్టేస్తున్నారు. అందులో చేవ తక్కువ, పురుగు ఇష్టపడే తెల్లచెక్క ఎక్కువ. మయన్మార్ 2014 ఏప్రిల్ 1 నుంచి ముడి దుంగల ఎగుమతి ఆపేసింది. 2021 సైనిక తిరుగుబాటు తర్వాత అక్కడి ప్రభుత్వ కలప సంస్థ మీద అమెరికా, యూరోపియన్ యూనియన్ ఆంక్షలు పెట్టాయి. కాబట్టి మిషను కింద దుమ్మైపోయే ఆ మిల్లీమీటరు చెక్కకు బదులు చెక్క లేదు.

అందుకే మొదటి పని చూడటం, అదీ బల్లను తిరగేసి. పైభాగాన్ని ఎన్నిసార్లు ఎవరు గీకారో తెలియదు గానీ, అడుగుభాగాన్ని ఎవరూ ముట్టుకోరు. అక్కడ వేళ్లతో తడిమితే చిత్రిక పట్టిన చాళ్లు అలలుగా తగిలితే అది చేతిపని. సొరుగు పక్కచెక్కల మూలల్లో డవ్‌టెయిల్ పళ్లు ఒకదానికొకటి పోలిక లేకుండా ఉంటే అదీ చేతిపనే. మిషను పళ్లు కవలల్లా ఉంటాయి. ప్లస్ గుర్తు తల ఉన్న స్క్రూ కనిపిస్తే, అది మొదటి నుంచీ ఉన్నదే అయితే, బల్ల 1930ల నడిమికంటే పాతది కాదు. ఫిలిప్స్ స్క్రూకి పేటెంటు వచ్చింది 1936లో. సన్నటి పొడి రాలుతుంటే ఎక్కడో పురుగు ఉంది. తర్వాత పూత పరీక్ష. కంటికి కనబడని చోట దూదితో చుక్క స్పిరిట్ అద్ది నిమిషం ఆగాలి. జిగటగా అయితే లక్క పాలిష్. స్పిరిట్‌కి లొంగక థిన్నర్‌కి మెత్తబడితే 1920ల నుంచి వాడుకలోకి వచ్చిన నైట్రోసెల్యులోజ్ లాకర్. దేనికీ కదలకపోతే నూనె వార్నిషో, పాలియురెథేనో. ఈ చుక్క పరీక్షకు పైసా ఖర్చు లేదు. అయినా ఇది చేయకుండానే మిషను తెప్పిస్తారు, ఎందుకో.

ఇక అసలు మరమ్మతు కీళ్ల దగ్గర. కాళ్లు ఊగే బల్లలో చెక్క విరగడం అరుదు, జిగురు చచ్చిపోవడమే మామూలు. పాత బల్లల్లో వాడింది పశువుల తోలూ ఎముకలూ ఉడికించి తీసిన జిగురు. దాన్ని నీళ్లలో నానబెట్టి, అరవై డిగ్రీల దగ్గర వెచ్చబెట్టి పూసేవారు. అది ఆరితే రాయి. వేడీ తడీ తగిలితే మళ్లీ మెత్తబడుతుంది. దీన్ని లోపమంటారు, వానాకాలంలో వదులవుతుందని. కానీ కీలు సరిగా కోసి ఉంటే బరువు మోసేది చెక్కే. కుసి బెజ్జంలో బిగుతుగా కూర్చున్నాక జిగురు దాన్ని జారకుండా పట్టుకుంటుంది, అంతే. పైగా పాత జిగురు మీద కొత్తది పూస్తే రెండూ కలిసిపోతాయి. ఫెవికాల్ 1959లో వచ్చాక వడ్రంగం తేలికైంది, అందులో సందేహం లేదు. కొత్త బల్ల చేయడానికి అది మంచి జిగురే. చిక్కు రెండో మరమ్మతులో వస్తుంది. ఆరిన తెల్లజిగురు చెక్క రంధ్రాల్లో ప్లాస్టిక్ పొరగా ఉండిపోతుంది, దాని మీద కొత్త జిగురు సరిగా అంటుకోదు. దాన్నంతా గీకి తీస్తే కుసి సన్నబడి బెజ్జంలో లూజవుతుంది. ఇంతకంటే ఘోరం ఊగే కీలులో మేకు కొట్టడం. మేకు చెక్కను చీలుస్తుంది, తుప్పు పడుతుంది, చుట్టూ నల్లమచ్చ తెస్తుంది. రేపు విప్పబోయేవాడు కుసిని విరగ్గొట్టకుండా బయటికి తీయలేడు. సరైన పద్ధతి ఓపిక పద్ధతి: కీలు విప్పి, పాత జిగురు తడిగుడ్డతో మెత్తబరిచి తుడిచి, సన్నబడిన కుసికి అదే జాతి చెక్క పలచటి ముక్క అతికించి, తిరిగి బిగించి, మరలతో నొక్కి ఒక రోజు వదిలేయడం.

పైపలకలో చీలిక ఉంటే తప్పు దానిది కాకపోవచ్చు. పచ్చిగా ఉన్న టేకు పూర్తిగా ఎండేలోగా వార్షిక వలయాల వెంబడి సుమారు 5.8 శాతం, వాటికి అడ్డంగా సుమారు 2.5 శాతం ముడుచుకుంటుంది. పొడవులో దాదాపు ఏమీ తగ్గదు. మిగతా కలపతో పోలిస్తే ఇది తక్కువే గానీ సున్నా కాదు. ఎండిన చెక్క కూడా వేసవికి ముడుచుకుని వానలకు పొంగుతూనే ఉంటుంది, వెడల్పాటి పలక అయితే కొన్ని మిల్లీమీటర్ల దాకా. అందుకే పాత వడ్రంగి పైపలకను చట్రానికి అతికించేవాడు కాదు. గాడిలో జరిగే చిన్న చెక్కబిళ్లలతోనో, కోల బెజ్జంలో స్క్రూతోనో పట్టి ఉంచేవాడు. ఎవరో ‘గట్టిగా ఉంటుంది’ అని నాలుగు వైపులా జిగురు పెట్టి బిగిస్తే, మరుసటి ఎండాకాలంలో పలక ఎక్కడో ఒకచోట చీలక తప్పదు. అలాంటప్పుడు చీలికలో లప్పం కూరితే లాభం లేదు. బిగింపు వదిలించాలి. చాలా చీలికలు ఆ తర్వాత సగం వాటంతటవే మూసుకుంటాయి. మిగిలినదానిలో చెక్క పుల్ల దిగేయొచ్చు.

పైపొర దగ్గరికి ఇప్పుడు రావచ్చు, కీళ్లు కుదిరాకే. ఇక్కడ 1877 నాటి ఒక తగాదాను గుర్తుచేయాలి. ఇంగ్లండులో పాత చర్చిలను బాగుచేస్తున్నామంటూ గోడల పాత పూతలు చెక్కేస్తుంటే, విలియం మోరిస్ మిత్రులతో కలిసి పురాతన కట్టడాల రక్షణకు సంఘం పెట్టాడు. దానికి ‘గీకుడు వ్యతిరేకులు’ అన్న అర్థం వచ్చే ముద్దుపేరు పడింది. వాళ్ల వాదన సూటిగానే ఉంది: పైపొర పోయాక మిగిలేది పాత వస్తువు కొలతలే. బల్లకీ అంతే. టేకుకు గాలికీ వెలుతురుకీ ఏళ్ల తరబడి తేలిన రంగు చాలామటుకు పైనే ఉంటుంది. గీకితే అది పోతుంది, మళ్లీ రావడానికి అన్నేళ్లూ పడుతుంది. అతుకు చెక్క పలకలైతే, అంటే పలచటి వెనీర్ అతికించిన బల్లలైతే, మిషను రెండు చుట్లు ఎక్కువ తిరిగిందంటే అడుగున ఉన్న నాసిరకం చెక్క బయటపడుతుంది, దానికిక మందు లేదు. పాత రంగు పూత ఉన్న బల్లలైతే ఇంకో ప్రమాదం ఉంది. మన దేశంలో ఇళ్ల రంగుల్లో సీసం పదిలక్షల్లో 90 వంతులకు మించకూడదన్న నిబంధన అమల్లోకి వచ్చింది 2017లోనే. అంతకుముందు పూసిన రంగును పొడిగా గీకితే ఆ సీసం దుమ్మై ఇంట్లో పిల్లల ఊపిరిలోకి పోతుంది.

గీకకుండా ఏం చేయాలి? ముందు తుడవాలి. నల్లబడ్డ పొరలో సగం పాత మైనం, నూనె, చేతి మురికి. టర్పెంటైన్ తడిపిన గుడ్డతో అది వస్తుంది. గ్లాసు పెట్టిన తెల్లటి వలయం పూతలో చిక్కిన తేమ. స్పిరిట్ కొద్దిగా తాకించిన గుడ్డతో తేలికగా రాస్తే తరచు పోతుంది. నల్లటి వలయం వేరు జబ్బు, అది చెక్కలోని టానిన్‌కీ ఇనుముకీ పుట్టిన మచ్చ. దానికి ఆక్సాలిక్ ఆమ్లం ద్రావణం పూసి, ఆరాక నీళ్లతో బాగా కడగాలి; అది విషం, చేతికి తొడుగులు, ముక్కుకు మాస్కు తప్పనిసరి. ఇవన్నీ అయ్యాక కూడా పూత పెచ్చులుగా ఉంటేనే తీయడం, అదీ స్పిరిట్‌తో కరిగించి. గరుకు కాగితం చివర్లో, చేత్తో, చెక్క పోగు వెంబడి, 180 నుంచి 220 నంబరు దాకా చాలు.

పూయాల్సింది లక్కే అని నా అభిప్రాయం. లక్క పురుగు మోదుగ, రేగు, కుసుమ్ చెట్ల కొమ్మల మీద కట్టుకునే గూడు దాని ముడిసరుకు. ప్రపంచానికి లక్క ఎక్కువగా అందించే దేశం మనదే, అందులో పెద్ద వాటా జార్ఖండ్‌ది. రాంచీ దగ్గర లక్క పరిశోధన సంస్థ 1924లోనే పెట్టారు. ఏటికొప్పాకలో అంకుడు కర్ర బొమ్మలకు తిరుగుతున్న తరిమెన మీద రాపిడి వేడితో పట్టించేదీ ఈ లక్కే. రంగుల కొట్లో చపడా పేరుతో దొరికే రేకులను స్పిరిట్‌లో రాత్రంతా నానబెట్టాలి, గాజుసీసాలోనే. ఇనుప డబ్బాలో నల్లబడుతుంది. లీటరుకు నూరు నుంచి నూట యాభై గ్రాములు సరిపోతాయి. కలిపి ఆరు నెలలు దాటిన పాలిష్ సరిగా గట్టిపడదు, పారబోయడమే. దూది ఉండను మెత్తటి నూలుగుడ్డలో చుట్టి, పాలిష్ పీల్చనిచ్చి, పైన చుక్క నూనె వేసి, గుండ్రంగా, ఎనిమిది అంకె ఆకారంలో, ఎక్కడా ఆగకుండా తిప్పాలి. ఆగితే అంటుకుంటుంది. ఒక్కో పొర జుట్టుకంటే పలచన. అలాంటివి పదుల కొద్దీ పడితేగాని చెక్క లోపలి నుంచి వెలుగు వచ్చినట్టుండే ఆ లోతు రాదు. కొత్త పొర పాత పొరను కొంచెం కరిగించి దానిలో కలిసిపోతుంది. గీత పడ్డ చోటే సరిచేసుకోగలగడానికి కారణం ఇదే. పాలియురెథేన్‌కి ఆ గుణం లేదు. ఒక మూల దెబ్బతింటే అతుకు కనిపిస్తుంది. అది దాచాలంటే పలక మొత్తం మళ్లీ గీకాలి.

దీనికి వచ్చే అభ్యంతరాలు చిన్నవి కావు. లక్క వేడి గిన్నెకు ఓర్చదు, మద్యం ఒలికితే కరుగుతుంది, సబ్బునీళ్లకు పాలిపోతుంది. నిజమే. పిల్లలు రోజూ అన్నం తినే బల్లకు నేనూ దాన్ని సిఫారసు చేయను. ఆ పైపలకకు నూనె వార్నిష్ మేలు, కావాలంటే మైనం తీసిన లక్క ఒక పూత వేసి దానిమీద పాలియురెథేన్. కాళ్లకీ సొరుగులకీ మాత్రం ఆ అవసరం లేదు, కీళ్లలో జిగురుకి అసలే లేదు. నూనె పూసిన గుడ్డలు ఉండచుట్టి మూల పడేయకూడదని కూడా చెప్పాలి. అవిసె నూనె ఆరుతూ వేడెక్కి వాటంతటవే అంటుకుంటాయి. రెండో అభ్యంతరం డబ్బు. చేత్తో పాలిష్ చేసే మనిషికి రోజుల తరబడి కూలి ఇవ్వాలి, ఆ డబ్బుతో ఎండీఎఫ్ బల్ల కొత్తది వస్తుంది. వస్తుంది గానీ, ఎండీఎఫ్ ఒకసారి నీళ్లు తాగి ఉబ్బిందంటే మరమ్మతన్నదే లేదు. పోల్చాల్సింది ఈ ఏటి ఖర్చుతో కాదు, రెండు మరమ్మతుల మధ్య ఎన్నేళ్లు గడుస్తాయన్నదానితో. అలాగని పాతదల్లా పదార్థమూ కాదు. పురుగు తిని గుల్లబారిన చౌకచెక్క బల్లనీ, సగం పలకలు మార్చేసిన బల్లనీ వయసు చూసి కొనడం వెర్రి.

పని చేయించేవాళ్లు బేరానికి ముందే రెండు అడగాలి: ఏ జిగురు పెడతావు, ఏ పూత వేస్తావు. ‘ఏదైనా ఒకటే’ అన్న జవాబు వస్తే ఇంకొకరిని వెతకడం మంచిది. పని పెట్టుకోవాల్సిన కాలం సంక్రాంతి తర్వాత, గాలిలో తేమ తగ్గిన వారాలు. శ్రావణంలో పెళ్లి ఉందని తొందరపెడితే పూత ఆరేలోపు తేమ పట్టి పాలపొరలా తెల్లబడుతుంది. అదీ పెద్ద నష్టం కాదు. ఎండ కాసిన రోజు చూసి, స్పిరిట్ అద్దిన అదే ఉండను పైపైన మరోసారి తిప్పితే తరచు విడిపోతుంది.