గడీలో మకాం

ఫలక్‌నుమా ప్యాలెస్‌లో దిగేవాళ్లను గేటు దగ్గర గుర్రపు బగ్గీ ఎక్కించి కొండమీదికి తీసుకెళ్తారు. మెట్లెక్కుతుంటే పైనుంచి గులాబీ రేకులు చల్లుతారు. లోపల భోజనాల బల్ల చుట్టూ 101 కుర్చీలు. 2017 నవంబరులో ఇవాంకా ట్రంప్‌కు ప్రధాని మోదీ విందు ఇచ్చింది అక్కడే.

ఆ ఇంటి కథ అందరికీ తెలిసిందే. తర్వాత హైదరాబాదు దివానైన వికారుల్ ఉమ్రా 1884లో పునాది వేశాడు. కట్టడం పూర్తయ్యేసరికి అప్పులపాలయ్యాడని చెప్పుకుంటారు. ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా చూసి ముచ్చటపడితే ఆయనకే ఇచ్చేశాడు. పాషా 1911లో కన్నుమూసిందీ అక్కడే. ఇంగ్లండు రాజులు, వైస్రాయిలు బస చేశారు. తర్వాత ఏళ్లకేళ్లు తాళాలు పడి, తాజ్ వాళ్ల చేతుల్లో 2010లో హోటలైంది. నిజాం సొంత ఖర్చులకు సర్ఫ్-ఎ-ఖాస్ గ్రామాల శిస్తు వచ్చేది. ఆ ముక్క మాత్రం కథలో ఎవరూ పెద్దగా చెప్పరు.

మా ఖమ్మం జిల్లా తిరుమలాయపాలెం వైపు పల్లెల్లో అతిథి మర్యాదలు జరిగిన పెద్దిళ్లు దొరల గడీలు. ఎత్తు ప్రహరీ, భారీ దర్వాజా, లోపల బంగళా, ధాన్యం కొట్లు. తాసిల్దారో గిర్దావరో పోలీసు అమీనో దౌరాకు వస్తే మకాం అక్కడే. దొర గారి భోజనం అని పేరేగానీ అందులో దొర జేబులోంచి పోయింది ఏమీ లేదు. గొల్లలు గొర్రెను తోలుకురావాలి. గౌండ్లవాళ్లు కల్లు కుండలు దించాలి. కుమ్మరి కొత్త కుండలు తేవాలి. చాకలి గిన్నెలు తోమి, పక్కలు పరవాలి. మంగలి కాళ్లు పిసకాలి. కోమటి కొట్టులోంచి పప్పూ నెయ్యీ వెళ్లేవి, డబ్బులు తిరిగొచ్చేవి కావు. సారు సామాను పక్క ఊరి పొలిమేర దాకా మోయడానికి దళితవాడ నుంచి మనిషి రావాలి, అది నాట్ల రోజైనా సరే. ఇదంతా వెట్టి.

మా నాయనమ్మ దీన్ని నవ్వుతూ చెప్పేది. "అమీన్ సాబు వస్తున్నడంటే కోళ్లన్నిటినీ గంప కింద కమ్మేటోళ్లం, గంప మీద గడ్డి కప్పేటోళ్లం. పుంజు మాట వినకపాయె!" కూసిన పుంజు ఆ పూటే గడీకి వెళ్లిపోయేదట. ఆమె నవ్వుకు మేమూ నవ్వేవాళ్లం. ఆ కోడి ఆమె పండక్కి చీర కొనుక్కోడానికి పెంచుకుంటున్నదని అడిగితే తప్ప చెప్పేది కాదు.

1945లో ఖమ్మంలో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన ఆంధ్ర మహాసభ జరిగింది. మరుసటి ఏడాది జులై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమరయ్య చనిపోయాడు. జనం సంఘమని పిలుచుకున్న ఆ మహాసభ అడుగుపెట్టిన ఊళ్లో వెట్టి ఆగిపోయింది. చాలామంది దొరలు పట్నం దారి పట్టారు. హైదరాబాదును భారత్‌లో కలిపిన పోలీసు చర్య తర్వాత కొన్ని గడీల్లో సైన్యం, పోలీసులు మకాం పెట్టారు. ఆ తర్వాత కొన్ని బడులయ్యాయి, కొన్ని సర్కారు ఆఫీసులయ్యాయి. కొన్నింటిని నక్సలైట్లు కూల్చారు. మిగిలినవి వానలకు కూలాయి, టేకు దూలాలు ఎవరికి అందినవి వాళ్లు పట్టుకెళ్లారు.

అందుకే రాజస్థాన్‌లా మనకు కోటకో హోటల్ లేదు. జైపూర్ మహారాజు రాంబాగ్ ప్యాలెస్‌ను 1957లోనే హోటల్ చేశాడు. 1971లో రాజభరణాలు రద్దయ్యాక మరెందరో అదే బాట పట్టారు. ఇంగ్లండులో వారసత్వ పన్నులు కట్టలేని జమీందార్ల ఇళ్లకూ ఇలాంటి గతే పట్టింది. మన గడీల యజమానులకు తెలివి తక్కువై కాదు. ఊరి ముసలివాళ్లకు ఇంకా గుర్తున్న ఇంట్లో టూరిస్టుకు మంచం వేయడం అంత తేలిక కాదు. కామారెడ్డి జిల్లా దోమకొండ కోటను కామినేని కుటుంబం బాగు చేయించుకుంటే 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ పురస్కారం దక్కింది. అలాంటివి వేళ్ల మీద లెక్క.

నేను హోటళ్లకు వ్యతిరేకిని కాను. నిజానికి, ఇలాంటి ఇళ్ల చరిత్రలో అతిథి సేవకు జీతం పుట్టింది అవి హోటళ్లయ్యాకే అంటాను. మా మండలం కుర్రాడొకడు హోటల్ మేనేజ్‌మెంట్ చదివి హైదరాబాదులో ఒక పెద్ద హోటల్లో చేస్తున్నాడు. దసరాకు వచ్చినప్పుడు మా ఇంట్లో స్టీలు పళ్లేలతోనే బల్ల సర్ది చూపించాడు. బల్ల అంచు నుంచి పళ్లేనికి బొటనవేలి కణుపంత ఎడం. మంచినీళ్ల గ్లాసు కత్తి మొనకు ఎదురుగా. వేళ్లు గ్లాసు అడుగునే పట్టుకోవాలి, మూతి ఆనే అంచు తగలకూడదు. వాడి చేతులు చకచకా కదులుతుంటే చూడ్డానికే సరదాగా ఉంది. పెద్దవాళ్ల ముందు వంగి వడ్డించడం ఇబ్బందిగా ఉండదా అని అడిగాను. "డ్యూటీ అయిపోతే నేను కూడా కస్టమర్‌నే బాబాయ్" అన్నాడు. ఎనిమిది గంటలు దాటితే ఓటీ రాయించుకుంటాడట.

కొత్తగా హెరిటేజ్ హోటళ్ల మాట మళ్లీ వినిపిస్తోంది. మిగిలిన గడీల్లో ఒకటో రెండో హోటళ్లయితే మంచిదే, గోడలైనా నిలుస్తాయి. కాకపోతే గదుల్లో దొరగారి వేట ఫొటోలు తగిలించే ముందు, ఆ వంటింట్లోకి కట్టెలు ఏ ఇంటి నుంచి వచ్చేవో, నీళ్లు ఎవరి వంతో ఆ ఊళ్లో కనుక్కుని, ఆ పేర్లు కూడా గోడకెక్కించాలి. ఆ రోజులు చూసినవాళ్లు మా చుట్టుపక్కల ఇంకా ఒకరిద్దరున్నారు. తొంభై దాటాయి. చెవులు సరిగా వినపడవు, కాస్త గట్టిగా అడగాలి.