దాపట, వలపట, నడుమ

రగ్బీ జాతీయ జట్టును ఎంపిక చేసేవారు పదిహేను పేర్లలో పన్నెండింటిని ఒక్కొక్కటిగా తూచి రాయవచ్చు గానీ, మొదటి మూడు పేర్లను మాత్రం ఒకే పేరుగా భావించి రాయవలసి ఉంటుంది. ఒకటి, రెండు, మూడు అంకెల చొక్కాలు తొడుక్కునే ఆ ముగ్గురినీ కలిపి ఫ్రంట్ రో, అంటే ముందు వరుస అంటారు. బంతి చేతికి అరుదుగా చిక్కే, మెరుపు పరుగులతో ప్రేక్షకులను లేపి నిలబెట్టే అవకాశం అంతగా లేని ఈ ముగ్గురి ఎంపికలో పొరపాటు జరిగితే మిగతా పన్నెండు మంది ప్రతిభ అక్కరకు రాకుండా పోతుందన్న సంగతి, దక్షిణాఫ్రికా జట్టు 2019లోనూ 2023లోనూ ప్రపంచ కప్‌ను గెలిచిన తీరును దగ్గరగా గమనించినవారికి తెలుస్తుంది. ఆ రెండు విజయాల వెనుక ముందు వరుస గురించి రెండు భిన్నమైన నిర్ణయాలు ఉన్నాయి. వాటిలో ఒకటి అనుసరించదగినదనీ, రెండోది గెలిచినప్పటికీ అనుసరించదగినది కాదనీ ఈ కాలమ్ అభిప్రాయం.

ముందుగా స్క్రమ్ అంటే ఏమిటో చెప్పుకోవాలి. బంతి చేయిజారి ముందుకు పడడం వంటి చిన్న తప్పిదం వల్ల ఆట ఆగినప్పుడు, దానిని తిరిగి మొదలుపెట్టే పద్ధతి స్క్రమ్. ఒక్కో జట్టు నుంచి ఎనిమిది మంది ఫార్వర్డ్‌లు మూడు వరుసలుగా ఒకరినొకరు పట్టుకుని వంగి, ఎదుటి ఎనిమిది మందితో భుజాలు కలిపి, మధ్యలో వేసిన బంతి కోసం నెట్టుకుంటారు. అంతర్జాతీయ స్థాయిలో ఒక్కో వైపు ఎనిమిది మంది బరువు కలిపి సుమారు 900 కిలోలు ఉంటుంది. ఆ బరువంతా మొదట తగిలేది ముందు వరుసలోని ముగ్గురి మెడలకూ భుజాలకూ నడుములకూ. ఢీకొనే వేగాన్ని తగ్గించి మెడలను కాపాడడానికి, వంగమనీ పట్టుకోమనీ ఆపైన కలవమనీ రిఫరీ వరుసగా మూడు ఆదేశాలు ఇచ్చే పద్ధతి 2013 నుంచి అమలులో ఉంది. హైదరాబాద్ హీరోస్ పేరుతో ఒక జట్టు 2025లో రగ్బీ ప్రీమియర్ లీగ్ ఆడినందువల్ల తెలుగు పాఠకులకు ఈ ఆట కొంత పరిచయమై ఉండవచ్చు గానీ, అది ఏడుగురి ఆట; అందులో ఒక్కో వైపు ముగ్గురే వంగుతారు, వెనుక నుంచి నెట్టే అయిదుగురు ఉండరు. కనుక పదిహేను మంది ఆటలో ముందు వరుస మోసే భారాన్ని దాని నుంచి ఊహించడం కష్టం.

కాడి కట్టిన ఎద్దులను ఎరిగినవారికి మాత్రం ఆ భారం స్వభావం సులువుగానే బోధపడుతుంది. ఎడమవైపు కట్టేది దాపటెద్దు, కుడివైపు కట్టేది వలపటెద్దు. దాపట అలవాటు పడిన ఎద్దును, ఎంత బలమైనదైనా, ఒక్కసారిగా వలపటకు మార్చి కడితే అది తడబడడమే కాక జోడు ఎద్దునూ తడబడేలా చేస్తుంది. ముందు వరుసలోనూ సరిగ్గా అంతే; అందులో ఇరుపక్కల నిలిచేవారు ప్రాప్‌లు, నడుమ నిలిచేవాడు హుకర్. ఎడమవైపు నిలిచే లూస్‌హెడ్ ప్రాప్‌కు ఎదుటివారి భారం కుడి భుజం మీదనే పడుతుంది, అతని తల ఎడమ పక్కన బయటికి ఉంటుంది. కుడివైపు నిలిచే టైట్‌హెడ్ ప్రాప్ తల ఎదుటి జట్టు ప్రాప్‌కూ హుకర్‌కూ నడుమ ఇరుక్కుని, ఆ ఇద్దరి ఒత్తిడీ అతని రెండు భుజాల మీద పడుతుంది. లూస్‌హెడ్ పని ఎక్కువగా ఎదుటివాడిని కదిలించడం, టైట్‌హెడ్ పని కదలకుండా నిలవడం. అందువల్లనే రెండో వరుసలోని ఇద్దరిలో బరువైనవాడిని సాధారణంగా టైట్‌హెడ్ వెనుకనే నిలుపుతారు. ఆ ఇద్దరు ప్రాప్‌ల భుజాల మీద చేతులు వేసి నడుమ నిలిచే హుకర్, బంతి లోపలికి రాగానే ఒక పాదం ఎత్తి దానిని కొక్కెంతో లాగినట్లు వెనక్కి లాగాలి, అంటే ఒత్తిడి ముంచుకొచ్చే క్షణంలోనే అతను ఒంటికాలి మీద ఉంటాడు. అప్పుడు అతన్ని నిలబెట్టేది ఇరుపక్కల ఉన్న ఇద్దరే. దక్షిణాఫ్రికా ప్రాప్‌లలో ఇద్దరిని ఆ దేశం ఎద్దు అనే ముద్దుపేరుతోనే పిలుచుకోవడం కాకతాళీయం కావచ్చు గానీ మాట మాత్రం సరిగ్గా అతికింది. 1995, 2007 ప్రపంచ కప్‌లు రెండింటినీ గెలిచిన డు రాండ్‌ను ఆఫ్రికాన్స్ భాషలో ‘ఓస్’ అన్నారు, ఇప్పటి లూస్‌హెడ్ న్చేను ఇంగ్లిషులో ‘ఆక్స్’ అంటున్నారు.

ఇటువంటి స్థానాలకు మనుషులను ఎంచేవారు బరువులెత్తే పరీక్షల లెక్కలను చూడకుండా ఉండరు, కానీ ఆ లెక్కలు చెప్పేది కొద్దిగానే. ప్రాప్‌ల ఎత్తులో తేడా మరీ ఎక్కువైతే హుకర్ భుజాలు ఒక పక్కకు ఒరుగుతాయి. నడుము భుజాల కన్నా పైకి లేస్తే వెనుకవారి నెట్టుడు ముందుకు సాగక నేలకు దిగుతుంది. పాదాలు మరీ వెనక్కి పోతే మొదటి తాకిడికే స్క్రమ్ కుప్పకూలుతుంది. ఎవరి వల్ల కూలిందో నిర్ణయించేది రిఫరీ, అతనికి కనిపించేది ఒక పక్క మాత్రమే, కనుక వంచిన మోచేతి తీరు, వీపు గీత తిన్నగా ఉండడం వంటి చిన్న విషయాలే మూడు పాయింట్ల పెనాల్టీకి దారి తీస్తాయి. పైగా ఒక ప్రాప్ తాజా ఒంటితో పదో నిమిషంలో ఎలా ఉన్నాడన్నది కాక, ఇరవై సార్లు నేల మీద పడి లేచిన తరువాత అరవయ్యో నిమిషంలో అతని మెడ ఎలా ఉన్నదన్నదే అసలు ప్రశ్న. దీనికి తోడు హుకర్‌కు ఇంకొక విద్య కావాలి. బంతి పక్కగీత దాటిపోయినప్పుడు రెండు జట్లవారు ఎదురెదురు వరుసలుగా నిలబడి, తోటివారు పైకెత్తగా గాలిలో బంతిని అందుకునే పద్ధతిని లైనౌట్ అంటారు, అందులో బంతిని తిన్నగా, సరైన ఎత్తుకు, సరైన క్షణంలో విసిరేది సాధారణంగా హుకరే. నెట్టగలిగినవాడు విసరలేకపోవచ్చు, విసరగలిగినవాడు నెట్టలేకపోవచ్చు.

ముగ్గురూ ఒకటిగా ఉండాలన్న మాటకు 2009 నాటి లయన్స్ పర్యటన కన్నా మంచి ఉదాహరణ దొరకదు. ఇంగ్లండ్, ఐర్లండ్, స్కాట్లండ్, వేల్స్ దేశాల ఆటగాళ్లతో నాలుగేళ్లకొకసారి కూర్చే జట్టే లయన్స్. డర్బన్‌లో జరిగిన మొదటి టెస్టులో ఇంగ్లండ్‌కు చెందిన టైట్‌హెడ్ ఫిల్ వికరీ, 2003 ప్రపంచ కప్ గెలిచిన అనుభవజ్ఞుడు అయి ఉండి కూడా, దక్షిణాఫ్రికా లూస్‌హెడ్ టెండై మ్తవరిరా ధాటికి నిలవలేక పదేపదే పెనాల్టీలు ఇచ్చాడు. దక్షిణాఫ్రికా 26–21తో గెలిచింది. జింబాబ్వేలో పుట్టిన మ్తవరిరా మొదట స్క్రమ్ చివర నిలిచే ఎనిమిదో అంకె ఆటగాడు కాగా, డర్బన్‌లోని షార్క్స్ జట్టులో అతన్ని ప్రాప్‌గా మలిచారు. రెండో టెస్టుకు లయన్స్ ఎంపికదారులు ముగ్గురినీ వేల్స్ నుంచే తీసుకుని, తమ దేశం తరఫున కలిసి ఆడిన అలవాటున్న జెంకిన్స్, రీస్, ఆడమ్ జోన్స్‌లను ఒకే వరుసగా నిలపగా, వారం కిందట కూలిన స్క్రమ్ ఆ రోజు గట్టిగా నిలిచింది. కానీ రెండో సగంలో ఇద్దరు ప్రాప్‌లూ గాయపడి వెళ్లిపోయారు. అప్పట్లో మ్యాచ్‌కు ఇరవై ఇద్దరినే అనుమతించడంతో బెంచ్‌పై ఇద్దరికీ సరిపడా ప్రాప్‌లు లేరు. శిక్షణ లేనివాడు ముందు వరుసలో వంగితే మెడ విరిగే ప్రమాదం ఉన్నందున, అటువంటప్పుడు ఎవరూ నెట్టకూడని స్క్రమ్‌ను, అంటే తోపు లేని స్క్రమ్‌ను ఆడించాలని నియమం. అలా లయన్స్ ప్రధానమైన ఆయుధం ఎదుటివారు లాక్కోకుండానే చేజారింది, మ్యాచ్ 28–25తో దక్షిణాఫ్రికా వశమైంది.

ఇప్పుడు మ్యాచ్‌కు ఇరవై ముగ్గురిని అనుమతిస్తారు, ముందు వరుసలోని ఒక్కో స్థానానికీ బెంచ్‌పై ఒక శిక్షితుడు ఉండాలి. అయినా ఆ లెక్క తప్పవచ్చుననడానికి 2022 ఫిబ్రవరిలో డబ్లిన్‌లో ఇటలీకి ఎదురైన పరిస్థితే సాక్ష్యం. మొదటి హుకర్ గాయపడి, అతని స్థానంలో వచ్చినవాడు రెడ్ కార్డుతో బయటికి వెళ్లగా, తోపు లేని స్క్రమ్‌కు కారణమైనందుకు మరొక ఆటగాడినీ వదులుకుని ఇటలీ పదమూడు మందితో ఆడి, ఐర్లండ్ చేతిలో 57–6తో ఓడింది.

బెంచ్‌పై పూర్తి ముందు వరుస ఉండాలన్న ఈ నియమాన్ని దక్షిణాఫ్రికా కోచ్ రాసీ ఎరాస్మస్ 2019లో భారంగా కాక అవకాశంగా చూశాడు. ఎనిమిది మంది బెంచ్‌లో ఆరుగురు ఫార్వర్డ్‌లను పెట్టుకుని, అందులో ముందు వరుసకు కిట్షాఫ్, మాల్కమ్ మార్క్స్, విన్సెంట్ కాక్‌లను ఎంచాడు. మార్క్స్, కిట్షాఫ్ ఏ దేశపు జట్టులోనైనా మొదటి నిమిషం నుంచి ఆడదగిన వారే. మొదట ఆడేవాడు మేలైనవాడు, తరువాత వచ్చేవాడు అతనికి బదులు అన్న పాత లెక్కను పక్కన పెట్టి, నలభై నిమిషాలకొక పూర్తి ముందు వరుస అన్న కొత్త లెక్కను అతను ప్రవేశపెట్టాడు. ఆ బెంచ్‌కు బాంబ్ స్క్వాడ్ అన్న పేరు వచ్చింది. 2019 నవంబర్ 2న యోకోహామాలో ఇంగ్లండ్‌తో జరిగిన ఫైనల్లో, ఇంగ్లండ్ టైట్‌హెడ్ సింక్లర్ తొలి నిమిషాల్లోనే తలకు దెబ్బ తగిలి వెళ్లిపోగా, డాన్ కోల్ దాదాపు మిగిలిన మ్యాచ్ అంతా ఒక్కడే ఆ పక్కను కాయవలసి వచ్చింది. మొదట మ్తవరిరా, రెండో సగం మొదట్లోనే అలసట లేని కిట్షాఫ్ అతనికి ఎదురయ్యారు. దక్షిణాఫ్రికా హుకర్ ఎంబొనాంబీ కూడా మొదటి సగంలోనే తలకు దెబ్బ తగిలి వెళ్లాడు గానీ, అతని స్థానంలో వచ్చినవాడు మార్క్స్ కనుక ఆ లోటు కనిపించనే లేదు. ఒకే రకమైన నష్టం రెండు జట్లకూ జరిగి, ఒకదానిని ముంచి మరొకదానిని తాకనైనా తాకలేదు. 32–12 అన్న ఫలితంలో ఆ తేడా చాలావరకు కనిపిస్తుంది.

2023లో ఫ్రాన్స్‌లో జరిగిన ప్రపంచ కప్‌లో దక్షిణాఫ్రికా ఇందుకు విరుద్ధమైన దారి పట్టింది. మొదటి మ్యాచ్ తరువాత సాధనలో మార్క్స్ మోకాలికి గాయమై పోటీకి దూరం కాగా, ముప్ఫై ముగ్గురి జట్టులో అతని స్థానాన్ని మరొక హుకర్‌తో కాక, ఆటను నడిపించి పెనాల్టీలు తన్నే ఫ్లై హాఫ్ హాండ్రే పొలార్డ్‌తో నింపారు. అసలైన హుకర్ ఎంబొనాంబీ ఒక్కడే మిగిలాడు. అతనికి తోడుగా, గతంలో హుకర్‌గా ఆడి తరువాత ఫ్లాంకర్‌గా, అంటే స్క్రమ్ అంచున నిలిచే ఫార్వర్డ్‌గా మారిన డియాన్ ఫోరీని సిద్ధం చేశారు. 35 ఏళ్ల వయసులో 2022లో మొదటి టెస్టు ఆడిన ఫోరీకి అప్పటికి 37 ఏళ్లు.

ఇంగ్లండ్‌తో జరిగిన సెమీఫైనల్ ఈ నిర్ణయాన్ని సమర్థించేదిగానే కనిపిస్తుంది. మార్లర్, కోల్ ముందు వరుసలో ఉన్నంతసేపు ఇంగ్లండ్ స్క్రమ్ నిలిచింది, వారు వెళ్లాక వచ్చినవారి ఎదుట న్చే విజృంభించాడు. 15–6తో వెనుకబడిన దక్షిణాఫ్రికా ఒక ట్రై సాధించి, ఆపైన స్క్రమ్‌లో వచ్చిన పెనాల్టీని 77వ నిమిషంలో పొలార్డ్ దూరం నుంచి గురి తప్పకుండా తన్నగా 16–15తో గెలిచింది. అక్టోబర్ 28న పారిస్ శివారులో న్యూజీలండ్‌తో జరిగిన ఫైనల్లో గెలుపు 12–11తో దక్కింది, ఆ పన్నెండు పాయింట్లూ పొలార్డ్ తన్నినవే. మరొక హుకర్‌కు బదులు అతన్ని తీసుకోకపోతే కప్పు వచ్చేది కాదని వాదించేవారి చేతిలో ఇంతకు మించిన ఆధారం అవసరం లేదు.

అయినా ఆ వాదాన్ని అంగీకరించడం కష్టం. ఫైనల్ మొదలైన మూడు నిమిషాలకే ఎంబొనాంబీ మోకాలి గాయంతో వెళ్లిపోయాడు, ఫోరీ మిగిలిన మ్యాచ్ అంతా హుకర్‌గా ఆడాడు. అతని ధైర్యానికీ ఓర్పుకూ ఎంత గౌరవం ఇచ్చినా తక్కువే గానీ, అతను లైనౌట్‌లో విసిరిన బంతులు పలుమార్లు ప్రత్యర్థికి చిక్కాయన్నది కూడా నిజం. ఎదుటి జట్టు కెప్టెన్ సామ్ కేన్ రెడ్ కార్డుతో వెళ్లిపోయి, వారు పద్నాలుగు మందితోనే ఎక్కువసేపు ఆడినప్పటికీ తేడా ఒక్క పాయింటు. ఎంపికలోని మంచిచెడ్డలను చివరి అంకెతో కొలిస్తే ఈ నిర్ణయం గొప్పది. నిర్ణయం తీసుకున్న రోజున ఎంపికదారుల ఎదుట ఉన్న ప్రమాదంతో కొలిస్తే, తన ప్రధాన బలమైన స్క్రమ్‌ను ఒక వయసు మళ్లిన శరీరం మీద నిలిపిన నిర్ణయం ఇది. ఫైనల్‌కు దక్షిణాఫ్రికా ఏడుగురు ఫార్వర్డ్‌లతో, ఒకే ఒక్క వెనుక ఆటగాడితో బెంచ్ నింపుకుంది. రెండు పక్కలా ఆడిన అనుభవమున్న న్యకానే, ఎడమవైపుకు న్చే ఆ ఏడుగురిలో ఉన్నారు. అంతమంది ఫార్వర్డ్‌లున్న ఆ బెంచ్‌పైన, మూడో నిమిషంలో ఫోరీ మైదానంలోకి దిగిన తరువాత, హుకర్ స్థానంలో వంగగలిగినవాడు ఇంకొక్కడు కూడా లేడు.